మా ఆయన్ని చనిపోయినవాళ్ళలో రాయండి

మిరప కోతల నుంచి మేము ఊరికి తిరిగొచ్చిన వారంలోనే, బీపీ చూసే సారు మా గుమ్మం ముందు మోటారు సైకిల్ ఆపి మా ఆయన్ని పిలిచాడు. ఇంటిపేరుతో సహా పిలిచాడు. నేను లోపల బియ్యం చెరుగుతున్నాను. భూమిలో పెట్టిన మనిషిని ఎవరో వాకిట్లో నిలబడి, పక్క వీధికి పోయినవాణ్ణి పిలిచినట్టు పిలుస్తుంటే చేట ఆడించడం చేతకాలేదు నాకు.

"ఎవరు కావాలప్పా?" అన్నాను బయటికొచ్చి.

"మీ ఆయన, పెద్దమ్మా. చెయ్యి చూపించమను. బీపీ చూసుకొని పోతా, ఇంకా శానా ఇండ్లు ఉండాయి."

"ఆయన సమాధుల తోటలో ఉండాడు. ఆ బీపీ పట్టీ ఎత్తుకొని ఆడికే పో."

ఎగతాళి చేస్తున్నానని నవ్వాడు. అతని తప్పు కాదు. మేము క్రైస్తవులం. మా ఇళ్ళలో ఆడదాని నొసలు చూసి మొగుడు ఉన్నాడో లేడో చెప్పలేరు, ఉన్నప్పుడూ అదే నొసలు, పోయాకా అదే నొసలు. నేను నవ్వకపోయేసరికి అతని నవ్వు ఆగిపోయింది. చేతిలో పలకలాంటి ఫోను ఉంది. దాన్ని వేలితో జరుపుతూ చూసి, "పోయిన నెల మా దగ్గర పనిచేసే అమ్మాయి వచ్చి పోయింది కదా పెద్దమ్మా. బాగున్నారు, మాత్రలు రోజూ వేసుకుంటున్నారు అని ఉండాదే ఇందులో" అన్నాడు.

పోయిన నెలకు ముందే ఆయన్ని మట్టి చేసి, నేను మళ్ళీ మిరప చేలకు పోయాను. మట్టి కింద ఉన్న మనిషి రోజూ మాత్ర వేసుకుంటున్నాడని అందులో ఉంది.

నాకు సంతకం తప్ప రాయడం రాదు. నోటితో చెబుతున్నాను, రాసేవాళ్ళు రాస్తున్నారు. నా యాసను పుస్తకం భాషలోకి దిద్దుకోండి, పరవాలేదు. విషయం మాత్రం దిద్దవద్దన్నాను. ఒకసారి దిద్దితే ఏమవుతుందో చూశాను గనక.

మాది పత్తికొండ దగ్గర చిన్న ఊరు. వాన పడితే సేద్యం, పడకపోతే కూలి. మా ఆయన టమోటా మార్కెట్టులో హమాలీ. పెట్టెలు లారీకి ఎత్తేవాడు. మార్కెట్టు పడుకుంటే, మా వీధిలో అందరిలాగే మేమూ ఇంటికి తాళం వేసి సుగ్గికి పోయేవాళ్ళం. సుగ్గి అంటే గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు కుటుంబాలతో వలస పోవడం. ఆ నెలల్లో మా వీధిలో కుక్కలు, కోళ్ళు, నడవలేనివాళ్ళు మిగులుతారు. మా మరిదికి కాలు సరిగా లేదు. వీధి తాళం చెవులన్నీ అతని మొలతాడుకే వేలాడుతుంటాయి.

ఆ ముందటి ఏడు కర్నూలు నుంచి ఒక పెద్ద వైద్య కళాశాలవాళ్ళు వచ్చారు. చర్చి ముందర అందర్నీ కూర్చోబెట్టి, ఈ పక్క ఊళ్ళలో రక్తపోటు శానా మందికి ఉంది, మూడు మందులు కలిపి ఒకే మాత్రగా చేశాము, అది పాత మాత్రలకన్నా మేలు చేస్తుందో లేదో చూడాలి అన్నారు. కొన్ని ఊళ్ళకు కొత్త మాత్ర, కొన్ని ఊళ్ళకు పాత మాత్రలే. ఏ ఊరికి ఏదన్నది వాళ్ళ ఇష్టం కాదట, చీటీ వేశారట. మా ఊరికి కొత్త మాత్ర పడింది. చీటీ వేసి మందివ్వడమేమిటని కొందరు గొణిగారు. మా ఆయన మాత్రం, "బైబిల్లో కూడా చీట్లు వేసినారులే" అని అందరికన్నా ముందు చెయ్యి చాపాడు.

ఆ మాత్ర మొదలుపెట్టాక వంగి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. ఇల్లిల్లూ తిరిగి అడిగే వాళ్ళ అమ్మాయికి చెబితే రాసుకుంది. నీళ్ళు బాగా తాగమంది, నిదానంగా లేవమంది. హమాలీని నిదానంగా లేవమంటే ఎట్లా? వెనక ఇంకొకడు పెట్టెతో నిలబడి తిడుతుంటాడు.

సరే, ఆ రోజు సంగతికి వస్తాను. బతికున్నాడని చెప్పిందెవరో నాకు వెంటనే తెలిసింది. మా మరిది అరుగు మీద కూర్చుని చెప్పు కుట్టుకుంటూ తల ఎత్తలేదు. ఆ అమ్మాయి వచ్చినప్పుడు వీధంతా తాళాలే. ఉన్న ఒక్క మగవాడు ఇతనే. వీధిలో అందరి తరఫున ఇతనే జవాబు చెప్పాడు. ఫలానా ఆయన? బాగుండాడు. మాత్రలు? ఏసుకుంటాండాడు. ఫలానా ఆమె? చేనికి పోయింది, బాగుండాది.

మా దగ్గర అది తప్పు కింద లెక్క కాదు. మనిషి ఊళ్ళో లేడని చెబితే పేరు కొట్టేస్తారు. ఎన్నిసార్లు కొట్టేయలేదు? బియ్యం కార్డులో, పింఛన్లలో, పని కార్డుల్లో. అందుకని సుగ్గికి పోయేవాళ్ళు తాళంతో పాటు తమ పేరు కూడా ఉన్నవాళ్ళకు అప్పజెప్పి పోతారు. ఎవరు వచ్చి అడిగినా ఉన్నాడనే చెప్పాలి. మా మరిది ఆ అప్పగింతను నిలబెట్టాడు. చచ్చిపోయిన సొంత అన్నకు కూడా నిలబెట్టాడు.

సారు ముఖం నల్లబడింది. "ఊళ్ళో లేరు, వలస పోయినారు అని రాస్తాలే పెద్దమ్మా. అబద్ధం కాదు కదా. మీరు గుంటూరు పోయింది నిజమే కదా" అన్నాడు.

"పోయినాము, వచ్చినాము. ఆయన పెట్టెలో వచ్చినాడు. చచ్చిపోయినాడని రాయి."

"అట్ల రాస్తే వీధంతా మళ్ళా అడగమంటారు. ఆ రోజు అదంతా ఎట్ల రాయనిచ్చినావని నన్ను నిలదీస్తారు. నీకు వచ్చేదేముంది ఇందులో?"

"నాకు ఏమీ రాదు. ఆయన రక్తం తీసుకున్నారు. బీపీ పట్టీ బిగించి ప్రతిసారీ రాసుకున్నారు. చెయ్యి కావాల్సి వచ్చింది గానీ చావు వద్దా మీకు?"

అతను బండి ఎక్కి పోయాడు. ఏం రాసుకున్నాడో చూపించలేదు.

సాయంత్రానికి వీధంతా మా ఇంటి ముందు చేరింది. తిట్టడానికి. నేను కదిపితే అందరి తరఫున చెప్పింది బయటపడుతుంది, పేర్లు కొట్టేస్తారు, మాత్రలు ఆపేస్తారు. పక్కింటామె, "మా యమ్మకు దుడ్లు పెట్టి మాత్రలు యాడ తెచ్చేదక్కా? చచ్చిపోయినాయన ఎట్లాగూ తిరిగి రాడు. బతికినోళ్ళ నోట్లో మన్ను కొడతావా?" అంది. ఆమె మాటలో న్యాయం లేదని నేను అనను. మా మరిది మాత్రం ఒక్క మాట అన్నాడు. "గమ్మునుండు వదినా. అన్న పేరు ఉన్నట్టే ఉండనీ."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఉండనీ అంటే ఏమిటి? ఏ మాత్ర మింగి ఆయన పడిపోయాడో, ఆ మాత్ర శానా మంచిదని చెప్పడానికి ఆయన్నే సాక్షిగా నిలబెట్టడమా? బతికి, బాగుండి, రోజూ మింగుతున్నాడని? ఆయన జీవితంలో ఒక్కసారి కూడా అబద్ధపు సాక్ష్యం చెప్పలేదు. మార్కెట్టులో తూకం గొడవ వస్తే అందరూ ఆయన్నే పిలిచేవాళ్ళు. చచ్చాక చెప్పిస్తారా?

మరునాడు మొదటి బస్సుకే కర్నూలు పోయాను. చర్చి అయ్యగారి చేత సమాధి చేసిన రోజు రాయించుకుని కొంగున కట్టుకున్నాను. ఆ కళాశాలలో ఒక గది నుంచి ఇంకో గదికి తరిమి తరిమి, చివరికి ఒక గదిలోకి పంపారు. మందుల వాసన లేదు, సూదులు లేవు. రెండు కంప్యూటర్లు, వాటి ముందు నా కూతురు వయసు మేడం.

"నేను వైద్యం చేసే డాక్టర్ని కాదమ్మా. లెక్కలు చూస్తాను. ఎవరు పంపారు మిమ్మల్ని?" అంది.

"ఎవరూ పంపలే. మా ఆయన బతికే ఉండాడని మీ దాంట్లో ఉండాదంట. యాడ ఉండాడో చూపిస్తే ఇంటికి పిలుచుకొని పోతా."

ఆమె కుర్చీ జరిపి నన్ను కూర్చోమంది. కాగితం చూసింది, కంప్యూటర్ చూసింది, మళ్ళీ కాగితం చూసింది. తరువాత మాట తీరు మార్చింది. అంతవరకూ పట్నం మాట, అప్పుడు మన మాట. వాళ్ళది ఎర్రగుంట్లట, నాన్న సిమెంటు ఫ్యాక్టరీకి లారీ తోలేవాడట.

"మీకేమి కావాలమ్మా?"

"చచ్చిపోయినోళ్ళలో రాయాల."

"మాత్ర వల్లనే పోయినాడని అనుకుంటాండారా?"

"నాకెట్ల తెలుస్తాది? నీకు తెలుస్తాదా?"

"నాకూ తెలీదు" అంది. డాక్టర్లెవరూ నాతో ఆ మాట అనలేదు ఎప్పుడూ. "ఒక్క మనిషిని చూసి ఎవరికీ తెలీదు. ఎండ కావచ్చు, గుండె కావచ్చు, మాత్ర కావచ్చు. ఈ మాత్ర ఇచ్చిన ఊళ్ళలో ఎంతమంది పోయినారు, ఇయ్యని ఊళ్ళలో ఎంతమంది పోయినారు, రెండూ పక్కపక్కన పెడితేనే తెలిసేది. అందుకే పోయినోళ్ళను ఉన్నట్టు రాసుకుంటే నేను చేసే పనంతా మన్నే."

"అయితే రాయి."

"రాస్తా. అయితే ముందే చెప్తాండా. ఆయన్ను రాసినాక కూడా మాత్ర మంచిదే అని తేలొచ్చు. అప్పుడు వచ్చి మోసం చేసినావని నా మీద కొట్లాడకూడదు."

"తేలితే తేలనీ. నేను పందెం కట్టి రాలేదు."

అప్పుడు అడిగింది, బాగున్నాడని చెప్పిందెవరని. చెబితే వీధి పోతుంది, చెప్పకపోతే ఆయన పోతాడు. చెప్పాను. మా ఒక్క ఇంటికే కాదు, వీధంతటికీ ఒక్కడే చెప్పాడని కూడా చెప్పాను. ఆమె చేతిలో పెన్ను బల్ల మీద పడేసింది.

"వీధంతటికీనా? మీ ఊరొక్కటేనా, సుగ్గికి పోయే ఊళ్ళన్నీ ఇట్లేనా?"

"అన్ని ఊళ్ళ సంగతి నాకేం తెలుసు. తాళాలు అన్ని ఊళ్ళలోనూ ఉంటాయి."

ఆమె కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చింది. నాకు భయం వేసి బేరం పెట్టాను. "నిజం చెప్పిస్తా. ఒక్క పేరు కూడా కొట్టకూడదు. మాత్రలు ఆపకూడదు."

"పేర్లు కొట్టే ప్రసక్తే లేదమ్మా. నా లెక్కలో ఎవరికి ఏ చీటీ పడిందో వాళ్ళు ఆ పక్కే ఉంటారు. మింగినా, పారేసినా, గుంటూరులో ఉన్నా, సమాధిలో ఉన్నా. ఇష్టమొచ్చినోళ్ళను తీసేస్తే అది లెక్క కాదు, మనకు కావాల్సింది మనం రాసుకోవడం. ఇంక మాత్రలంటారా, ఈ పని అయ్యేదాకా ఇస్తారు. ఆ తర్వాత నా చేతిలో లేదు."

"బాగుండాది. మా వొంటి మీద చూసుకొని, పని అయిపోతే మీ దారి మీది, మా దారి మాది."

"అది అడగాల్సిన మాటే. పైవాళ్ళు వచ్చినప్పుడు అందరి ముందర అడగండి" అంది. నేను మనసులో పెట్టుకున్నాను.

ఆమె వస్తుందనుకోలేదు. ఆ వారంలోనే వచ్చింది, మొన్నటి సారును వెంటబెట్టుకుని. వీధిలో ఒక్క తలుపూ తెరవలేదు. ఉన్నవాళ్ళు కూడా లేనట్టు గమ్మున ఉన్నారు. లోపల పిల్లలు దగ్గుతూనే ఉన్నారు. మేడం ఎండలో నిలబడింది. నేను మరిది అరుగు ముందుకు పోయి నిలబడ్డాను.

"ఏమప్పా, మీ అన్న ఎట్లుండాడు? చెప్పు, మేడం అడుగుతాండాది."

అతను చెప్పు కింద పెట్టాడు.

"నాకు చెప్పినట్టే చెప్పు. ఉన్నట్టే ఉండనీ అంటివి కదా."

"ఆ పిల్ల వరసగా పేర్లు చదువుతాండాది వదినా" అన్నాడు చివరికి. "ఈ పేరు బాగుండాడా, ఆ పేరు బాగుండాడా అని. అన్న పేరు వచ్చేసింది. లేడు అనడానికి నోరు తిరగలే. కొట్టేస్తారని ఒక్కటే కాదు. నా నోటితో నేను చెప్పలేకపోయినా." ఆ తరువాత మేడం వైపు తిరిగి, "పోయినాడమ్మా మా అన్న. మిరప చేన్లో పడి సచ్చిపోయినాడు. మట్టి నేనే వేసినా. రాసుకో" అన్నాడు.

ఒక తలుపు తెరుచుకుంది, తరువాత ఇంకొకటి. పేర్లు కొట్టేయబోమని మేడం మళ్ళీ మళ్ళీ చెప్పాక మాటలు బయటికి వచ్చాయి. ఒకామె తన మాత్రలన్నీ ఆదోనిలో ఉన్న అమ్మకు పంపుతోందట. ఒకాయన సగానికి విరిచి మింగుతున్నాడట, ఎక్కువ రోజులు వస్తాయని. పక్కింటామె, సుగ్గిలో నీళ్ళకే కరువు, మాత్ర ఎట్లా మింగేదని ఎదురు ప్రశ్న వేసింది. ఇంకొకాయన మాత్ర వేసుకున్న రోజు సారా ఎక్కడం లేదని మానేశానన్నాడు. వీధంతా నవ్వింది. మేడం కూడా నవ్వింది, నవ్వుతూనే రాసుకుంది. సారు మాత్రం నవ్వలేదు. అతని ఉద్యోగం ఏమవుతుందోనని నాకూ భయం ఉండింది, దాచను. ఏమీ కాలేదని తరువాత తెలిసింది. సుగ్గి నెలల్లో ఎక్కడివాళ్ళను అక్కడికే పోయి అడగాలని పని మార్చారట.

అందరూ అయ్యాక మేడం మా ఇంట్లో చాప మీద కూర్చుంది. చావు గురించి అడగాలి, అడగనా అంది. ఆసుపత్రిలో పోని మనిషి ఎట్లా పోయాడో ఇంటివాళ్ళను అడిగే తెలుసుకుంటారట. డాక్టర్లు ఆ జవాబులు చదివి కారణం తేలుస్తారట. ఏ ఊరని కూడా వాళ్ళకు చెప్పరట, మాత్ర మీద ఇష్టమో కోపమో ఉంటే అది తీర్పులోకి రాకూడదని.

కాళ్ళు వాచాయా? లేదు. గుండె నొప్పి అన్నాడా? అనలేదు. మాట తడబడిందా? లేదు. తాగేవాడా?

"రాసుకో, తాగేవాడు. ఆదివారం తాగడు. ఆ రోజు ఆదివారం కాదు గానీ, ఆ రోజు తాగలేదు."

ఆ రోజు పొద్దున ఏమి చేశాడు? కల్లంలో ఆరబెట్టిన మిరపకాయలు బస్తాలకు ఎత్తుతున్నాం. నేను బస్తా మూతి పట్టుకున్నాను, ఆయన కాలితో తొక్కి దట్టించాడు. ఘాటుకు ఇద్దరం తుమ్ముతున్నాం. వంగి బస్తా మూతి కుట్టాడు. దారం పంటితో కొరికి తెంపాడు. లేచి నిలబడ్డాడు. నా భుజం కోసం చెయ్యి చాపాడు. నేను అప్పటికే ఇంకో గోనె తీసుకోవడానికి పక్కకు తిరిగాను. మిరపకాయల మీద పడ్డాడు. శబ్దం కూడా పెద్దగా రాలేదు. తలకు దెబ్బ తగిలిందా అని మేడం అడిగింది. కల్లంలో రాయి ఉంది, తగిలింది. దెబ్బ తగిలి పోయాడా, పోయి పడ్డాడా అని అడిగింది. తెలియదన్నాను. "తెలీదు అనే రాస్తా" అంది. అట్లాగే రాసింది. నాకు కళ్ళ నీళ్ళు వచ్చింది అక్కడే. అంతవరకూ ఊళ్ళో ప్రతివాడూ ఆయన ఎందుకు పోయాడో నాకు చెప్పేవాడే. తాగుడన్నారు, దిష్టి అన్నారు, దేవుని పిలుపన్నారు. తెలియనిదాన్ని తెలియదని రాసిన మనిషిని అప్పుడే చూశాను.

చాలా కాలం తరువాత వాళ్ళు మళ్ళీ వచ్చారు, లెక్క తేలిందని. ఈసారి పెద్ద డాక్టర్లు కూడా. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళనూ పిలిచి చర్చి ముందు షామియానా వేశారు. కొత్త మాత్ర మింగిన ఊళ్ళలో గుండెపోటు, పక్షవాతం, చావులు తక్కువ అని చెప్పారు. ఎండలో బరువు పని చేసేవాళ్ళు కొందరు కళ్ళు తిరిగి పడ్డారని, వాళ్ళకు తక్కువ మందుతో మొదలుపెట్టి చూడాలని కూడా చెప్పారు. నేను లేచాను.

"ఆ చావుల్లో మా ఆయన ఉండాడా?"

పెద్ద డాక్టరు మేడం వైపు చూశాడు. "ఉండాడమ్మా" అంది ఆమె. "కొత్త మాత్ర పక్కనే ఉండాడు."

పక్క ఊరాయన ఒకడు వెనక నుంచి నవ్వాడు. "ఆయన్ను కలపకపోతే మీ మాత్ర ఇంకా మంచిదని వచ్చేది కదా మేడం."

"వచ్చేది" అంది ఆమె.

నేను ఇంకా నిలబడే ఉన్నాను. మాత్రలు ఎన్నాళ్ళు ఇస్తారని అడిగాను. ప్రభుత్వానికి రాశాము, చూస్తాము అన్నారు. చూస్తామంటే కుదరదు, మా వొంటి మీద తేల్చుకున్న మాత్ర మాకు అందకపోతే ఎట్లా అన్నాను. ఈసారి వీధి నా వెనక ఉంది. పక్కింటామె గొంతు నాకన్నా పెద్దది. మా మరిది కుంటుకుంటూ ముందుకొచ్చి, తేదీ చెప్పేదాకా షామియానా విప్పనిచ్చేది లేదన్నాడు. ఆ పోట్లాట ఇంకా తెగలేదు. పత్తికొండ ఆసుపత్రిలో ఇప్పుడు ఆ మాత్ర ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. లేని నెల మేము పోయి కూర్చుంటున్నాం.

నాకూ బీపీ ఉంది. ఆయన పోయాక ఆ మాత్ర ముట్టలేదు నేను. ఇచ్చిందంతా బియ్యం డబ్బాలో పడేసి, మేడంకు అట్లాగే చెప్పాను కూడా. ఇప్పుడు మింగుతున్నాను. మొగుణ్ణి చంపిన మాత్ర నోట్లో ఎట్లా వేసుకుంటావని ఇప్పటికీ నన్ను అనేవాళ్ళు ఉన్నారు. చంపిందో లేదో నాకు తెలియదు, వాళ్ళకూ తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆయన్ని బతికున్నట్టు చూపించి ఆ మాత్ర గెలిచి ఉంటే, తెచ్చిచ్చినవాళ్ళ ముందే ఉమ్మేసేదాన్ని. ఆయన చావును కూడా తన మీద వేసుకుని నిలబడింది గనక మింగుతున్నాను.